బురద మీదికి చూడండి: వినాయక చవితి నుంచి దీపావళి దాకా వలస పక్షులు

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనో, శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలోనో చెట్ల మీద పెద్ద పక్షులు చేరగానే ‘సైబీరియా అతిథులు వచ్చేశాయి’ అని ఏటా ఎక్కడో ఒకచోట వార్త వస్తుంది. అక్కడ కనిపించేవి ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. చూడముచ్చటైన పక్షులే, కాదనను. కానీ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. నీరు, చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. సైబీరియా ముఖం ఎన్నడూ చూడవు. చలికాలం గడపడానికి ఉత్తరం నుంచి వచ్చే పక్షి మన దగ్గర గూడు కట్టదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం వార్తలను మీరే సరిదిద్దుకోగలరు.

నిజంగా సైబీరియా నుంచి వచ్చే పక్షి పిచ్చుకంత ఉంటుంది. రంగు బురదదే, తిరిగేదీ బురదలోనే. దాని పేరు లిటిల్ స్టింట్. పాతిక గ్రాములకు అటూ ఇటూ తూగే ఈ పిట్ట ఆర్కిటిక్ తీరంలోని టుండ్రాలో పుట్టి, ఆరు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి కాకినాడ మేటల మీద వాలుతుంది. దాని పక్కనుంచే జనం కొంగల కోసం వెతుక్కుంటూ వెళ్లిపోతారు. ఈ మార్గదర్శి అలాంటి పక్షుల కోసం. తెలుగులో ఉల్లంకి పిట్టలనే ఈ తెగను శరదృతువు మొదట్లో ఎప్పుడు, ఎక్కడ, ఎలా చూడాలో వరసగా చెబుతాను.

మొదట: కాలం తెలుసుకోండి

వలస పక్షులంటే చలికాలం అనుకుని డిసెంబరు దాకా ఆగేవాళ్లు అసలైన రాకడను కోల్పోతారు. ఆర్కిటిక్‌లో వేసవి చాలా చిన్నది. జూన్‌లో గుడ్లు పెట్టిన పక్షులు జూలైకల్లా తిరుగు ప్రయాణం మొదలుపెడతాయి. అందుకే మనకు వానలు పడుతుండగానే, ఆగస్టులోనే, తొలి గుంపులు దిగుతాయి. మన పండుగలను గుర్తుగా పెట్టుకుంటే లెక్క సులువు.

వినాయక చవితి నాటికి చిన్న ఉల్లంకులు, ఇసుక ప్లవర్లు, కామన్ శాండ్‌పైపర్, వుడ్ శాండ్‌పైపర్ వచ్చి ఉంటాయి. కరెంటు తీగల మీద బార్న్ స్వాలోలు బారులు తీరడం మొదలవుతుంది. జొన్న చేల మీదికి మధ్య ఆసియా నుంచి గులాబి గోరింకలు కూడా దాదాపు అప్పుడే దిగుతాయి. బతుకమ్మ, దసరా రోజులకు గడ్డి మైదానాల మీద హారియర్ గద్దలు, ముళ్లకంపల కొనల మీద బ్రౌన్ ష్రైక్, చెరువుల్లో అన్ని బాతుల కంటే ముందు వచ్చే గార్గనీ కనిపిస్తాయి. మిగతా పరజలు, అంటే సూదితోక బాతు వంటివి, హిమాలయాలు దాటి వచ్చే పట్టతల హంసలు దీపావళి సమయంలోనూ ఆ తరువాతా వస్తాయి. శరత్తులో మానస సరోవరం నుంచి హంసలు దిగివస్తాయని మన కావ్యాల్లో చదువుకున్నది ఊరికే పోలేదు.

ఈ తొలి నెలల్లో వెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. డిసెంబరులో చూస్తే అన్ని ఉల్లంకులూ ఒకే బూడిద రంగులో ఉండి కొత్తవారిని ఏడిపిస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో అలా కాదు. కర్లూ శాండ్‌పైపర్‌నే తీసుకోండి. ఇందులో మగవి గుడ్లు పొదగవు. జత కట్టడం అయిపోగానే అవే ముందు బయలుదేరుతాయి, వాటి వెనక ఆడవి, అందరికంటే చివర ఆ ఏడు పుట్టిన పిల్లలు. ఆగస్టులో దిగిన పెద్ద పక్షికి రొమ్ము మీద ఇటుక ఎరుపు ఇంకా ఉంటుంది. ఆ ఎరుపు మధ్య తెల్లని కొత్త ఈకలు మచ్చలుగా మొలుస్తుంటాయి, రెక్కల అంచులు అరిగి చిరిగినట్టు కనిపిస్తాయి. సెప్టెంబరులో వచ్చే పిల్ల పక్షి దానికి పూర్తిగా వేరు. ఒక్క ఈక చెదరదు. వీపు మీద ప్రతి ఈకకూ సన్నని లేత అంచు ఉండి చేప పొలుసుల్లా కనిపిస్తుంది, రొమ్ము మీద పలచని లేత గోధుమ ఛాయ ఉంటుంది. తల్లిదండ్రులు అప్పటికే వెళ్లిపోయారు కాబట్టి ఈ దారి దానికి ఎవరూ చూపలేదు. పుట్టి రెండు మూడు నెలలు కాకుండానే ఇంత దూరం వచ్చింది. ఈ రెండింటినీ ఒకే బురద మీద పక్కపక్కన చూడగలిగేది ఈ రోజుల్లోనే.

రెండవది: చోటు ఎంచుకోండి

సెప్టెంబరులో ఒక్కచోటికే వెళ్లగలిగితే నేను కాకినాడ అంటాను. హోప్ ఐలాండ్ అనే పొడవైన ఇసుక దిబ్బ సముద్రపు అలలకు అడ్డుగా నిలవడంతో కాకినాడ అఖాతంలో నీరు నెమ్మదిగా ఉంటుంది, గోదావరి తెచ్చిన ఒండ్రు అక్కడే పేరుకుంటుంది. ఒండ్రు ఉన్నచోట పురుగులు, నత్తలు, చిన్న పీతలు. అవి ఉన్నచోట ఉల్లంకులు. కుంభాభిషేకం అనే చోటి దగ్గరి మేటల మీద ప్రపంచంలోనే అరుదవుతున్న గ్రేట్ నాట్ అనే ఉల్లంకిని, చలికాలం ముదిరే కొద్దీ ఇండియన్ స్కిమ్మర్లను చూడవచ్చు. కోరింగ అభయారణ్యంలో మడ చెట్ల మధ్య వేసిన చెక్క బాట మీద నడవడం హాయిగానే ఉంటుంది. అయితే అక్కడ కనిపించేవి ఎక్కువగా చెట్లను ఆశ్రయించే పక్షులు. ఉల్లంకుల కోసమైతే తెరిపి బురద కావాలి.

పులికాట్ సంగతి వేరు. ఉప్పునీటి సరస్సుల్లో దేశంలో చిలికా తరువాత ఇదే పెద్దది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు దాని మధ్యగా పోతుంది కాబట్టి కారు దిగకుండానే చూసే వీలుంది. కానీ ఆ సరస్సును నింపేది ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు వానలు పడకముందు వెళితే రోడ్డుకు ఉత్తరాన చాలా భాగం ఎండి నెర్రెలిచ్చి ఉండవచ్చు. ఫ్లెమింగోలను మనసులో పెట్టుకుని సెప్టెంబరులో వెళ్లి నిరాశపడకండి. దీపావళి దాటాక వెళ్లండి, దారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులను కూడా చూసి రావచ్చు.

కొల్లేరులో ఆటపాక దగ్గర కొంగలు, గూడబాతులు ఎప్పుడూ ఉంటాయి. ఉల్లంకులు కావాలంటే కైకలూరు చుట్టుపక్కల ఎండగట్టిన చేపల చెరువులను వెతకాలి. నీరు తోడేసిన రెండు మూడు రోజుల పాటు ఆ చెరువు అడుగు వందలాది పక్షులకు విస్తరి అవుతుంది. ఏ చెరువు ఖాళీ చేస్తున్నారో టీ కొట్టు దగ్గర అడిగితే చాలు.

సముద్రం లేని జిల్లాల వారికి చెరువులున్నాయి. హైదరాబాదు వాళ్లకు అమీన్‌పూర్, ఉస్మాన్‌సాగర్, సంగారెడ్డి దగ్గర మంజీర ఉన్నాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మంచి వానలు పడిన ఏడు సెప్టెంబరులో చెరువు నిండి అలుగు పారుతుంటుంది. అది ఊరికి సంతోషం, ఉల్లంకికి కాదు. చిన్న ఉల్లంకి కాలి పొడవు రెండు మూడు వేళ్లకు మించదు, అంతకంటే లోతు నీళ్లలో అది మేయలేదు. కాబట్టి కట్ట మీద నిలబడి నడి చెరువును చూస్తూ కాలం గడపకండి. కట్టకు ఎదురుగా ఉండే ఎగువ అంచుకు, శిఖం భూముల వైపు వెళ్లండి. నీరు పలచగా పరుచుకుని గడ్డి మధ్య బురద తేలేది అక్కడే. కొత్తగా నాట్లు వేసిన మడి, దమ్ము చేసి వదిలేసిన మడి ఇంకా మంచివి. వుడ్ శాండ్‌పైపర్, స్నైప్ వంటివి వాటిలోనే తిరుగుతాయి. గట్టు మీద నడవడానికి రైతును ఒక మాట అడగండి. పక్షులు ఏ మడిలో వాలుతున్నాయో ఆయనకే బాగా తెలుసు.

మూడవది: పోటు, పాటు చూసుకోండి

తీరానికి వెళ్లేవారు ఈ భాగం దాటవేయకూడదు. పాటు వేళకు వెళితే బురద మైళ్ల కొద్దీ తేలి ఉంటుంది, పక్షులు దాని అవతలి అంచున చుక్కలుగా కనిపిస్తాయి. నిండు పోటులో వెళితే బురదే ఉండదు, పక్షులు ఎక్కడో ఉప్పు మడుల గట్ల మీద నిద్రపోతుంటాయి. నీరు ఎక్కే వేళ కావాలి. నిండు పోటుకు రెండు మూడు గంటల ముందే చేరి ఒకచోట కూర్చోండి. నీరు ఎక్కే కొద్దీ బురద కుంచించుకుపోతుంది, పక్షులు మేస్తూ మేస్తూ మీ వైపే జరుగుతాయి. మీరు వాటి దగ్గరికి వెళ్లనక్కరలేదు.

పోటు వేళలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వెబ్‌సైటులో దొరుకుతాయి. ఫోనులో పోటు వేళలు చెప్పే యాప్‌లూ ఉన్నాయి. ఏ రోజు వెళ్లాలో తేల్చడానికి ఇంట్లో పంచాంగం చాలు. పున్నమికి, అమావాస్యకు, ఆ తరువాతి ఒకటి రెండు రోజులకు పోటు బాగా పైకి వస్తుంది, పాటు బాగా వెనక్కి పోతుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. కాబట్టి విదియ, తదియలు మంచి రోజులు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ మూడు గంటలకైతే రేపు నాలుగు గంటలకు కొంచెం ముందు అన్నమాట.

ఇంకో లెక్క కూడా కలపాలి. మన తీరం తూర్పుముఖం. ఉదయం సముద్రం వైపు చూస్తే ఎండ కళ్లలో కొడుతుంది, పక్షులన్నీ నల్లని నీడల్లా కనిపిస్తాయి, కాళ్ల రంగు తెలియదు. మధ్యాహ్నం తరువాత సూర్యుడు వీపు వెనక ఉంటాడు. పక్షులు చూడడానికి తెల్లవారుజామునే వెళ్లాలని అందరూ చెబుతారు. అడవిలో అది నిజం. కాకినాడలో మాత్రం సాయంత్రం నాలుగున్నర, అయిదు గంటలకు నిండు పోటు ఉన్న రోజును వెతికి పట్టుకోండి.

బురదలోకి మాత్రం దిగకండి. పైకి గట్టిగా కనిపించే మేట మోకాలి దాకా దిగబడుతుంది. పోటు ఎక్కుతున్నప్పుడు మీ వెనక ఉన్న పాయ మీకు తెలియకుండానే నిండుతుంది. చేపల వేటకు వెళ్లే స్థానికులు ఏ దారిన నడిస్తే ఆ దారిన తప్ప అడుగు వేయవద్దు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం హెచ్చరిక ఉంటే ప్రయాణమే మానుకోండి. తుపాను వెళ్లిపోయి అంతా తెరిపిన పడ్డాక తీరాన్ని ఒకసారి చూడటం మంచిదే. నడిసముద్రంలో తప్ప కనిపించని పక్షులు గాలికి కొట్టుకువచ్చి ఒడ్డున ఉంటాయి.

నాలుగవది: సామాను

8×42 బైనాక్యులర్ ఒకటి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో ఆ లెక్క, 42 అంటే ముందున్న అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. దుకాణంలో 20 రెట్లది చూపించి అదే గొప్పదంటే నమ్మకండి. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, ఎగిరే పిట్టను అందులో పట్టుకోలేరు. కొన్నాక ముందుగా కళ్లకు సరిచేసుకోవాలి: కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి బొమ్మ స్పష్టంగా తెచ్చుకోండి, తరువాత ఎడమ కన్ను మూసి కుడి గొట్టం మీద ఉన్న చిన్న తిప్పుడు బిళ్లతో కుడి కంటికి సరిచేయండి. ఆ బిళ్లను మళ్లీ కదపనక్కరలేదు. కళ్లజోడు పెట్టుకునేవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పుకుంటే కళ్లజోడుతోనే చూడవచ్చు.

టెలిస్కోపు ఉంటే తీరంలో చాలా ఉపయోగం, కానీ మొదటి ఏడాది కొననక్కరలేదు. పక్షులు చూసే బృందంతో కలిసి వెళితే ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, అడిగితే సంతోషంగా చూపిస్తారు. హైదరాబాదులో డెక్కన్ బర్డర్స్ వంటి పాత బృందం ఉంది. ఫోనులో పక్షులను గుర్తుపట్టడానికి సాయపడే మెర్లిన్ యాప్ పెట్టుకుని, భారతదేశపు పక్షుల సమాచారాన్ని ఇంట్లోనే దింపుకోండి. మడ అడవుల దగ్గర సిగ్నల్ ఉండదు. టోపీ, నీళ్లు, చిన్న పుస్తకం, పెన్సిలు. పెన్నులో సిరా తడికి అలుక్కుపోతుంది.

అయిదవది: పేరు తరువాత, ముందు తీరు

ఇక బురద ముందు కూర్చున్నారు. ఎదురుగా రెండు వందల గోధుమ రంగు పిట్టలు. బొమ్మల పుస్తకం తెరవకండి. పది నిమిషాలు ఊరికే చూడండి. అవి మేసే తీరులో తేడా దానంతటదే తెలుస్తుంది.

కొన్ని నాలుగడుగులు గబగబా పరుగెత్తి టక్కున ఆగుతాయి, తల వంచి ఒక్క పోటు పొడిచి మళ్లీ పరుగెత్తుతాయి. అవి ప్లవర్లు. వాటికి కళ్లు పెద్దవి, ముక్కు పొట్టి. కంటితో చూసి పట్టుకునే జాతి. మన తీరంలో ఎక్కువగా కనిపించే ఇసుక ప్లవర్లు టిబెట్ వైపు ఎత్తయిన నేలల నుంచి వస్తాయి. మిగతావి తల ఎత్తకుండా ముక్కును కుట్టుమిషను సూదిలా బురదలో దించుతూ తీస్తూ నడుస్తూనే ఉంటాయి. అవి ఉల్లంకులు. వాటి ముక్కు కొన బురద లోపలి పురుగును తాకి పసిగడుతుంది, కంటితో పని తక్కువ. ఈ రెండు జట్లను విడదీయగలిగితే మొదటి రోజుకు అదే చాలు.

తరువాత ఒడ్డూ పొడుగూ. పిచ్చుకంతదా, గోరింకంతదా, పావురమంతదా, కాకి కంటే పెద్దదా? ఆపైన ముక్కు: తల పొడవుతో పోలిస్తే ఎంత, తిన్నగా ఉందా, కిందికి వంగిందా, పైకి లేచిందా? చివర కాళ్ల రంగు. ఈ మూడు ప్రశ్నలతో తేలేవి చాలా ఉన్నాయి. పిచ్చుకంత ఉండి కాళ్లు నల్లగా ఉంటే లిటిల్ స్టింట్, కాళ్లు పసుపు ఛాయలో ఉండి మంచినీటి చెరువు అంచున ఒంటరిగా ఉంటే టెమ్మింక్స్ స్టింట్. గోరింకకు కొంచెం అటూ ఇటూ ఉండి ముక్కు కిందికి వంపు తిరిగితే కర్లూ శాండ్‌పైపర్. కాళ్లు నారింజ ఎరుపులో ఉండి, ఎగిరినప్పుడు రెక్కల వెనక అంచు వెడల్పుగా తెల్లగా మెరిస్తే రెడ్‌షాంక్. కాకి కంటే పెద్దదిగా, చాలా పొడవైన వంపు ముక్కుతో ఉంటే కర్లూ. దాని తమ్ముడిలా ఉండి నెత్తి మీద చారలుంటే వింబ్రెల్. రాళ్లను, నాచును ముక్కుతో తిరగేస్తూ పోయేదాన్ని టర్న్‌స్టోన్ అని వేరే చెప్పనక్కరలేదు.

చెరువు దగ్గర కొత్తవారిని తికమక పెట్టేవి వుడ్, గ్రీన్, కామన్ శాండ్‌పైపర్లు. కామన్ నిలబడినా నడిచినా వెనక భాగాన్ని ఊపుతూనే ఉంటుంది. దాని రొమ్ము తెలుపు భుజం ముందు నుంచి పైకి పాకుతుంది, నీటిని తాకేంత తక్కువ ఎత్తులో రెక్కలు బిగబట్టి ఎగురుతుంది. గ్రీన్ చూడడానికి నలుపు తెలుపుల పక్షి, రెక్క అడుగు నల్లన. వుడ్‌కు వీపు నిండా లేత చుక్కలు, కంటి మీదుగా వెనకదాకా పోయే తెల్లని కనుబొమ్మ, రెక్క అడుగు లేత రంగు. వీటిని నేల మీద కంటే లేచేటప్పుడు పోల్చుకోవడం తేలిక.

చెవికీ పని చెప్పండి. గ్రీన్‌షాంక్ ఎగురుతూ ‘ట్యూ ట్యూ ట్యూ’ అని మూడుసార్లు గట్టిగా పలుకుతుంది, అర కిలోమీటరు దూరానికి వినిపిస్తుంది. దాన్ని ఒకసారి గుర్తుపట్టాక తల తిప్పకుండానే పేరు రాసుకోవచ్చు.

పేరు తేలని పక్షులు ప్రతిసారీ ఉంటాయి. వాటిని ‘చిన్న ఉల్లంకి, 40’ అని రాసి వదిలేయండి. యాప్ చెప్పిందని అరుదైన పేరు తగిలించడం కంటే అది మేలు.

ఆరవది: లెక్క

గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే సగంలో లేచిపోతుంది. ఒక చివర పది పక్షులను లెక్కపెట్టి, అవి ఎంత మేర పరుచుకున్నాయో కంటితో పట్టుకుని, ఆ కొలత మొత్తం గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. పెద్ద గుంపుకైతే పదికి బదులు యాభై. రాతలో తేదీ, వేళ, చోటు, పోటు స్థితి, పక్షి, సంఖ్య, వయసు తెలిస్తే వయసు ఉండాలి. ‘సెప్టెంబరు 14, సా. 3.40, పోటు ఎక్కుతోంది, కర్లూ శాండ్‌పైపర్ 120, అందులో ఎరుపు మిగిలినవి 9, మిగతావి ఎక్కువగా పిల్లలు’ అన్న ఒక్క పంక్తిలో ఆ సాయంత్రమంతా ఉంది.

ఇంటికొచ్చాక ఆ లెక్కను, పక్షుల జాబితాలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైటులో పెట్టండి. గుర్తుపట్టిన పక్షులన్నింటినీ, కాకితో సహా, రాస్తేనే అది పూర్తి జాబితా. నచ్చినవి మాత్రమే రాసిన జాబితాతో పరిశోధకులకు పెద్దగా పని జరగదు. అక్టోబరు రెండో శనివారం ప్రపంచ వలస పక్షుల దినం. ఆ రోజు మీ ఊరి చెరువు దగ్గర పావుగంట నిలబడి పెట్టిన జాబితా కూడా పనికొచ్చేదే.

మన ఇంటి దగ్గర

ఊరు దాటలేని వారు డాబా మీదికి వెళ్లండి. బార్న్ స్వాలోలు సాయంత్రం పూట గుంపుగా పోతుంటాయి. పెరట్లోనో, పార్కులోనో చెత్త ఆకులు తిరగేస్తూ పచ్చని వీపు, కింద ఎరుపు, కంటి మీదుగా నల్లని పట్టీ ఉన్న పొట్టితోక పిట్ట కనిపిస్తే అది ఇండియన్ పిట్టా, హిమాలయాల పాదాల నుంచి దక్షిణానికి పోతూ అలసి దిగింది. పిల్లిని దూరంగా ఉంచితే చీకటి పడ్డాక తన దారిన తాను పోతుంది.

దసరా నాడు పాలపిట్టను చూడటం మనకు ఆచారం. పొలం గట్టున తీగ మీద వాలినదాన్ని చూడండి. డబ్బులిస్తే పంజరంలో చూపించేవారి దగ్గరికి పోకండి. రెక్కలు కట్టి తెచ్చిన ఆ పిట్టల్లో చాలా వాటికి మళ్లీ ఎగిరే బలం ఉండదు, పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. పరజలకో, ఉల్లంకులకో వలలు పన్నినట్టు కనిపిస్తే మీరే తగువుకు దిగకుండా చోటు గుర్తుపెట్టుకుని అటవీ శాఖకు ఫోను చేయండి.

పక్షులు మేయడం మాని తలలెత్తి మీ వైపే చూస్తున్నాయంటే మీరు చాలా దగ్గరికి వెళ్లినట్టు. అక్కడే ఆగి రెండడుగులు వెనక్కి వేయండి. ఎగిరే ఫొటో కోసం గుంపును లేపేవాళ్లంటే నాకు గిట్టదు. ఇంత దూరపు ప్రయాణంలో కరిగిన కొవ్వును ఆ పిట్ట గింజ గింజగా కూడబెట్టుకుంటోంది, మనం లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చవుతుంది.

కాలికి ఉంగరం కనిపిస్తే

అరుదుగా ఒక పక్షి కాలికి లోహపు ఉంగరమో, రంగు ప్లాస్టిక్ జెండానో ఉంటుంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మన దేశంలో, ఇతర సంస్థలు ఇతర దేశాల్లో తొడిగినవి అవి. ఏ కాలికి ఉంది, కాలి మధ్య కీలుకు పైనా కిందా, జెండా రంగేమిటి, రెండుంటే ఏది పైన, దాని మీద అక్షరాలేమిటి అన్నవి ఆ వరసలోనే రాసుకోండి, వీలైతే ఫోనును బైనాక్యులర్‌కు ఆనించి ఫొటో తీయండి. ఎండ వాలాక తెలుపు, పసుపు రంగులు ఒకేలా కనిపిస్తాయి. అనుమానం ఉంటే ‘తెలుపు లేదా పసుపు’ అనే రాయండి. ఆ వివరాలను సొసైటీకి ఈమెయిల్ చేస్తే పక్షికి ఎక్కడ, ఎప్పుడు తొడిగారో తెలుసుకునే వీలుంటుంది. జవాబుకు కొన్నిసార్లు నెలలు పడుతుంది.